జీఎఫ్‌పీ ఒక చివర తగిలిస్తే మైటోకాండ్రియాలో, ఇంకో చివర తగిలిస్తే కణమంతా: నా ప్రోటీన్ అసలు ఎక్కడుంది?

వెలుగుపురుగు

అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతున్నా. ఇప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ఎంజైమ్ మీద పని, సైజు 42 కిలోడాల్టన్లు, అది కణంలో ఎక్కడ ఉంటుందో తేల్చడమే నా మొదటి చాప్టర్. ల్యాబ్‌లో పెంచే హీలా అనే మానవ కణాల్లో దాని తోక చివర, అంటే సి-టర్మినస్‌లో జీఎఫ్‌పీ అనే పచ్చగా మెరిసే ప్రోటీన్ తగిలించి కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద పెడితే పచ్చటి దారాల్లాగా చక్కగా కనిపించింది, మైటోకాండ్రియాని ఎర్రగా చూపించే మైటోట్రాకర్ రెడ్ వేసి రెండు బొమ్మలూ కలిపితే పసుపు. మా గైడ్ చూసి మైటోకాండ్రియా ప్రోటీనే, రాసెయ్ అన్నారు. నేనే ఎందుకైనా మంచిదని తల వైపు, ఎన్-టర్మినస్‌లో జీఎఫ్‌పీ పెట్టి ఇంకో క్లోన్ చేశా. అది చూస్తే దారాలు లేవు ఏం లేవు, కణమంతా పొగమంచులా పచ్చగా ఉంది, న్యూక్లియస్ మీద కూడా. ఒకటే ప్రోటీన్ రెండు చోట్ల ఎలా కనిపిస్తుంది? రెండిట్లో ఏది నమ్మాలి? కమిటీ మీటింగ్ దగ్గర పడుతోంది, ఏ బొమ్మ చూపించాలో కూడా తెలియట్లేదు.

కణబంధు

ఇది చాలామందికి ఎదురయ్యేదే, కంగారు పడకండి. మైటోకాండ్రియాలోకి వెళ్ళే ప్రోటీన్లలో చాలావాటికి అడ్రసు తల దగ్గరే రాసి ఉంటుంది, మొదటి 20 నుంచి 60 అమైనో ఆమ్లాల లోపల, లోపలికి వెళ్ళాక ఆ ముక్క కోసేస్తారు. మీరు సరిగ్గా ఆ అడ్రసు ముందు 238 అమైనో ఆమ్లాల జీఎఫ్‌పీ పీపాని కూర్చోబెట్టారు. అడ్రసు కనపడకపోతే ఉత్తరం ఎక్కడికి పోతుంది, బయటే ఉండిపోతుంది. కాబట్టి సి-టర్మినస్ బొమ్మే నిజం అని నా అభిప్రాయం.

గాజుపలక

కణబంధు గారూ మీరు చెప్పింది కరెక్టే అవ్వచ్చు కానీ అంత తొందరగా తేల్చెయ్యకండి. వెలుగుపురుగు, ముందు ఇవి చెప్పు. జీన్‌ని నడిపించడానికి ఏ ప్రమోటర్ కింద పెట్టావు, ట్రాన్స్‌ఫెక్షన్ అయ్యాక, అంటే జీన్ కణాల్లోకి పంపాక, ఎన్ని గంటలకి చూశావు, ఏ కణాలు ఎంచుకుని ఫోటో తీశావు, ఎరుపూ పచ్చా లేజర్లు ఒకేసారి వెలిగించావా ఒకదాని తర్వాత ఒకటా, ఒక్క రంగే వేసిన కణాలు పక్కన పెట్టుకున్నావా లేదా. ఇవి తెలియకుండా పసుపు గురించి మాట్లాడి లాభం లేదు.

వెలుగుపురుగు

సీఎంవీ ప్రమోటర్ అన్నా, బాగా బలమైనది. 48 గంటలకి చూశా. బాగా మెరుస్తున్న కణాలు ఎంచుకున్నా, ఎందుకంటే ఫోటో బాగా వస్తుందని. లేజర్లు రెండూ ఒకేసారి, టైం కలిసొస్తుందని. ఒక్క రంగు కంట్రోల్ చెయ్యలేదు. ఇంకో విషయం, ఎన్-టర్మినస్ దాన్ని కాన్ఫోకల్ మీద చూడలేదు, ఆ రోజు బుకింగ్ దొరక్క మామూలు ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ మీద చూశా. ఫిక్సేషన్, అంటే కణాల్ని ఉన్నవున్నట్టు కట్టెయ్యడం, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో, 15 నిమిషాలు.

కటకం

నేను మైక్రోస్కోపీ ఫెసిలిటీలో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. నువ్వు చెప్పిన ప్రతి దాంట్లోనూ ఒక్కో మెలిక ఉంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మొదట లేజర్ల సంగతి. జీఎఫ్‌పీ 488 నానోమీటర్ల లేజర్ తీసుకుని 509 దగ్గర ఎక్కువగా వెలుగు ఇస్తుంది, కానీ అక్కడితో ఆగిపోదు, దాని తోక 580, 600 దాకా సాగుతుంది. నువ్వు 488, 561 రెండూ ఒకేసారి వెలిగించావు కాబట్టి ఆ తోక ఎరుపు డిటెక్టర్‌లో కూడా పడింది. బాగా మెరిసే కణాల్ని ఎంచుకున్నావు కాబట్టి తోక కూడా బలంగానే ఉంటుంది. అంటే నీ పసుపులో కొంత భాగం పచ్చ తనమీద తాను పడటమే. సీక్వెన్షియల్‌గా తియ్యి, ఒక లేజర్ ఆపాక ఇంకోటి. పచ్చ మాత్రమే ఉన్న స్లైడ్ ఒకటి, ఎరుపు మాత్రమే ఉన్న స్లైడ్ ఒకటి, ఏ రంగూ లేనిది ఒకటి పెట్టుకుని అన్నిటికీ ఒకే సెట్టింగ్ వాడు. ఏ రంగూ లేని స్లైడ్ ఎందుకంటే కణానికి సొంతంగా కొంత మెరుపు ఉంటుంది, కణంలో మామూలుగా ఉండే ఫ్లావిన్లు అనే అణువులు పచ్చ ఛానెల్‌లోనే కనిపిస్తాయి.

రెండోది, మెరిసే కణాలు. సీఎంవీ కింద 48 గంటలంటే ఆ కణంలో నీ ప్రోటీన్ వరదలా ఉంటుంది. లోపలికి తీసుకెళ్ళే యంత్రాంగానికి ఒక హద్దు ఉంటుంది కదా, అది నిండిపోతే మిగిలింది సైటోప్లాజంలో పొంగిపొర్లుతుంది. ఫోటోకి అందంగా ఉండే కణం చాలాసార్లు జబ్బుపడిన కణం. నువ్వు కళ్ళు చికిలించి వెతుక్కోవాల్సినంత మసగ్గా ఉండే కణాలే చూడాలి, 16, 18 గంటలకే చూడాలి.

మూడోది, మామూలు మైక్రోస్కోప్‌లో కణం మందం అంతా ఒకేసారి వెలుగుతుంది, ఫోకస్‌లో లేని పొరల వెలుగు కూడా వచ్చి మీద పడుతుంది. న్యూక్లియస్ పైనా కిందా కూడా పలచగా సైటోప్లాజం ఉంటుంది, ఆ వెలుగే నీకు న్యూక్లియస్ లోపల ఉన్నట్టు కనిపించి ఉండచ్చు. మార్విన్ మిన్‌స్కీ 1957లో కాన్ఫోకల్‌కి పేటెంట్ అప్లై చేసింది ఇందుకే, ఫోకస్‌లో లేని వెలుగుని చిన్న రంధ్రం దగ్గర ఆపెయ్యడానికి. పైగా నీ ఎంజైమ్ 42, జీఎఫ్‌పీ 27, కలిపి 69. అంత పెద్దది న్యూక్లియస్ రంధ్రాల్లోంచి తనంతట తాను సులువుగా దూరదు. న్యూక్లియస్‌లో నిజంగా పచ్చ ఉంటే ముందు నాకొచ్చే అనుమానం, జీఎఫ్‌పీ విరిగి విడిపోయిందా అని. జీఎఫ్‌పీకి అతుక్కునే యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ చెయ్యి, ప్రోటీన్లని సైజుని బట్టి విడదీసి చూపిస్తుంది, 27 దగ్గర గీత వస్తే నువ్వు చూస్తున్నది నీ ప్రోటీన్ కాదు, ఒట్టి జీఎఫ్‌పీ.

కొత్తమొలక

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, నేను బీఎస్సీ. ఇంత కష్టపడి మెరిసేవి తగిలించడం ఎందుకు, మామూలుగా రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడకూడదా?

నీలికాంతి

మంచి ప్రశ్న, అడగాల్సిన ప్రశ్నే. మామూలు రంగు వేస్తే నువ్వు వెలుగులో నీడని చూస్తున్నావు, కొన్ని వందల అణువులు ఆపే వెలుగు ఎంత, కంటికి ఆనదు. ఫ్లోరోసెన్స్‌లో చీకట్లో దీపాన్ని చూస్తావు. వెనక అంతా నలుపు, నీ అణువు ఒక్కటే వెలుగుతుంది. ఒక్క అణువుని కూడా పట్టుకోవచ్చు.

ఇది ఎలా కుదురుతుందంటే, మెరిసే అణువు ఒక రంగు తీసుకుని దానికంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న రంగు తిరిగిస్తుంది, నీలం తీసుకుని పచ్చ ఇస్తుంది. జార్జ్ స్టోక్స్ 1852లోనే ఇది రాసి ఫ్లోరోసెన్స్ అనే పేరు పెట్టాడు. వెళ్ళే రంగూ వచ్చే రంగూ వేరు కాబట్టి మధ్యలో ఫిల్టర్ పెట్టి నీలాన్ని మొత్తం ఆపేసి పచ్చని మాత్రం కంటికి రానివ్వచ్చు, ఈ టెక్నిక్ అంతా ఆ తేడా మీదే నిలబడింది. 1941లో ఆల్బర్ట్ కూన్స్ వాళ్ళు యాంటీబాడీకి మెరిసే అణువు కట్టి ఫలానా పదార్థం ఎక్కడుందో చూడచ్చని చూపించారు, ఇవాళ మనం చేసే ఇమ్యునోఫ్లోరోసెన్స్‌కి అదే మొదలు. 1962లో ఒసాము షిమొమురా ఒక జెల్లీఫిష్ నుంచి పచ్చ ప్రోటీన్ విడదీశాడు, 1992లో డగ్లస్ ప్రాషర్ దాని జీన్ క్లోన్ చేశాడు, 1994లో మార్టిన్ చాల్ఫీ దాన్ని బ్యాక్టీరియాలోనూ చిన్న పురుగులోనూ వెలిగించాడు, రోజర్ చెన్ దాన్ని మార్చి మార్చి ఇంకా బాగా మెరిసేలా, రకరకాల రంగుల్లో వచ్చేలా చేశాడు. 2008 కెమిస్ట్రీ నోబెల్ షిమొమురా, చాల్ఫీ, చెన్‌లకి వచ్చింది. చాల్ఫీ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది, జీన్ ఒక్కటీ పెడితే చాలు, జెల్లీఫిష్ నుంచి ఇంకేమీ తేనక్కర్లేదు అని తేలడం. దాంట్లో 65, 66, 67 స్థానాల్లో ఉన్న మూడు అమైనో ఆమ్లాలు వాటంతట అవే ముడిపడి మెరిసే భాగం తయారవుతుంది, గాల్లో ఉండే ఆక్సిజన్ ఉంటే సరిపోతుంది. అందుకే బతికున్న కణంలో చూడగలుగుతున్నాం. నాకు ఇప్పటికీ చీకటి గదిలో మొదటి కణం కనిపించగానే ఒళ్ళు జలదరిస్తుంది.

గాజుపలక

చెప్పింది బాగుంది, నీలికాంతి. వెలుగుపురుగు, ట్యాగ్ గొడవే లేకుండా అసలు ప్రోటీన్‌ని యాంటీబాడీతో చూస్తే అయిపోదా? నా దృష్టిలో అదే అన్నిటికంటే నమ్మదగ్గది.

క్లోన్27

అన్నా, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. నేను ఒక యాంటీబాడీ నమ్ముకుని ఏడాదిన్నర పని చేశాను, కణంలోని గాల్జీ అనే భాగంలో అద్భుతంగా కనిపించేది, ఎవరికి చూపించినా బాగుందనేవాళ్ళు. తర్వాత క్రిస్పర్ అనే జీన్ కత్తెరతో ఆ జీన్ తీసేసిన కణాలు చేసి అదే యాంటీబాడీ వేస్తే గాల్జీ అలాగే వెలుగుతోంది, ఇంచుమించు అంతే మెరుపుతో. ప్రోటీనే లేదు, బొమ్మ మాత్రం ఉంది. ఆ యాంటీబాడీ వేరే దేనికో అతుక్కుంటోంది. ఆ రోజు ల్యాబ్‌లో కూర్చుని ఏడ్చాను, నిజంగా. అప్పట్నుంచి నా రూల్ ఒకటే, జీన్ తీసేసిన కణాల్లో సిగ్నల్ పోతేనే యాంటీబాడీని నమ్ముతా, లేకపోతే లేదు. వెస్టర్న్‌లో ఒకే గీత వచ్చిందని కూడా నమ్మకండి, వెస్టర్న్‌లో ప్రోటీన్ విప్పేసి ఉంటుంది, ఫిక్స్ చేసిన కణంలో మడతలతోనే ఉంటుంది, రెండూ వేరు. ప్రోటీన్‌కి అతుక్కునేది ప్రైమరీ, ఆ ప్రైమరీకి అతుక్కుని మెరిసేది సెకండరీ; సెకండరీ యాంటీబాడీ ఒక్కటే వేసిన స్లైడ్ ఎలాగూ ఉండాలి, కానీ అది సెకండరీ తప్పుని మాత్రమే పట్టిస్తుంది, ప్రైమరీ తప్పుని పట్టించదు.

గాజుపలక

సరే, ఒప్పుకుంటున్నా. నాకౌట్‌లో, అంటే జీన్ తీసేసిన కణాల్లో, సరిచూసిన యాంటీబాడీ అని మార్చుకో నా మాట.

వెలుగుపురుగు

అందరికీ చాలా థాంక్స్. పది రోజులు కూర్చుని మీరు చెప్పినవన్నీ చేశా. వెస్టర్న్‌లో 69 దగ్గర మాత్రమే గీత ఉంది, 27 దగ్గర ఏం లేదు, అంటే విరగలేదు. సి-టర్మినస్ దాన్ని సీక్వెన్షియల్‌గా తీసినా దారాలు ఉన్నాయి, మైటోట్రాకర్‌తో సరిపోయాయి, పసుపు కొంచెం తగ్గింది అంతే. అసలు విశేషం ఎన్-టర్మినస్ దాంట్లో వచ్చింది. కాన్ఫోకల్‌లో న్యూక్లియస్ నల్లగా కనిపించింది, కటకం మేడం చెప్పినట్టే. పొగమంచు అలాగే ఉంది కానీ 16 గంటలకి మసక కణాలు వెతికితే ఆ పొగమంచులోంచి చుక్కలు బయటపడ్డాయి! గుండ్రంగా, చిన్నగా, ఒక కణంలో వంద పైనే ఉంటాయి. మైటోట్రాకర్‌తో కలవట్లేదు, కొన్ని చోట్ల దారాల పక్కనే ఆనుకుని ఉన్నాయి. మెరిసే కణాల్లో అసలు కనిపించవు, పొగమంచులో మునిగిపోతున్నాయి. ఇవేంటి? ముద్దకట్టిన చెత్త ప్రోటీనా, చెత్తని అరిగించే సంచులు లైసోజోములా?

నీలికాంతి

లైసోజోములు కాకపోవచ్చు. వాటి లోపల పీహెచ్ 5కి దగ్గర్లో ఉంటుంది, మామూలు జీఎఫ్‌పీ ఆ ఆమ్లంలో చాలావరకు ఆరిపోతుంది. బతికున్న కణాల్లో చుక్కలు పచ్చగానే ఉంటే ఆమ్లం లేని చోటే ఉన్నట్టు. ఫిక్స్ చేసినవే చూసుంటే ఒకసారి బతికున్న కణాల్లో కూడా చూడండి, ఫిక్స్ చేశాక ఆ ఆమ్లం పోయి ఆరిపోయిన జీఎఫ్‌పీ మళ్ళీ వెలగచ్చు. పచ్చ లేకపోతే ప్రోటీన్ లేనట్టు కాదని కూడా ఇందుకే గుర్తుపెట్టుకోవాలి, లైసోజోములో చూడాలంటే ఆమ్లానికి తట్టుకునే ఎరుపు, ఎంచెర్రీ లాంటిది వాడాలి.

కణబంధు

ఆగండాగండి. మీ ప్రోటీన్ చివరి మూడు అమైనో ఆమ్లాలు ఏంటి?

వెలుగుపురుగు

అలనిన్, లైసిన్, లూసిన్. ఎందుకు?

కణబంధు

పెరాక్సిజోములు, కణంలో ఉండే చిన్న గుండ్రటి సంచులు! చివర సెరిన్-లైసిన్-లూసిన్ ఉంటే అది పెరాక్సిజోముకి వెళ్ళే అడ్రసు, మీ అలనిన్-లైసిన్-లూసిన్ దాని దగ్గరి చుట్టమే, ఆ మొదటి స్థానంలో అలనిన్ కూడా పనిచేస్తుంది. పెక్స్5 అనే ప్రోటీన్ ఈ చివరి అక్షరాలు పట్టుకుని పెరాక్సిజోములోకి తీసుకెళ్తుంది, కానీ అవి కచ్చితంగా చిట్టచివర, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. ఇప్పుడు చూడండి ఏం జరిగిందో. మీరు తోక చివర జీఎఫ్‌పీ పెట్టినప్పుడు పెరాక్సిజోము అడ్రసు కప్పేశారు, మైటోకాండ్రియా అడ్రసు ఒక్కటే మిగిలింది, అంతా దారాల్లోకి వెళ్ళింది. తల ముందు పెట్టినప్పుడు మైటోకాండ్రియా అడ్రసు కప్పేశారు, తోక అడ్రసు మిగిలింది, చుక్కల్లోకి వెళ్ళింది, కణంలో మరీ ఎక్కువ తయారైనప్పుడు పెక్స్5 చాలక మిగిలింది పొగమంచు అయింది. రెండు బొమ్మలూ సగం సగం నిజం చెప్తున్నాయి! మొదట నేను సి-టర్మినస్ బొమ్మే నిజమని తేల్చేశా, అది తప్పు, వెనక్కి తీసుకుంటున్నా.

ఇలా రెండు చోట్లా ఉండే ప్రోటీన్లు అరుదేం కాదు. 2017లో హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ వాళ్ళు ఇమ్యునోఫ్లోరోసెన్స్‌తో 12,003 మానవ ప్రోటీన్లని 30 చోట్లకి మ్యాప్ చేస్తే దాదాపు సగం ఒకటి కంటే ఎక్కువ చోట్ల కనిపించాయి. ఎక్కడుందో అనేది పేపర్లో ఒక బొమ్మ కోసం పనికొచ్చే విషయం మాత్రమే కాదు. మన కాలేయంలో ఏజీటీ అనే ఎంజైమ్ ఉంది, అది పెరాక్సిజోములో ఉండాలి, గ్లైఆక్సిలేట్ అనే పదార్థాన్ని అక్కడే పనికొచ్చేలా మార్చెయ్యాలి. కొంతమందిలో 11వ స్థానంలో ప్రోలిన్ బదులు లూసిన్, 170లో గ్లైసిన్ బదులు ఆర్జినిన్ వస్తుంది. ఎంజైమ్ పనిచేస్తూనే ఉంటుంది, కానీ చాలా భాగం మైటోకాండ్రియాలోకి పోతుంది. అక్కడ ఉండి ఉపయోగం లేదు, గ్లైఆక్సిలేట్ ఆక్సలేట్‌గా మారి కిడ్నీలో రాళ్ళు, చివరికి కిడ్నీలే పాడవుతాయి. ప్రైమరీ హైపర్ఆక్సల్యూరియా మొదటి రకం అంటారు. ఎంజైమ్ ఉంది, పనిచేస్తోంది, ఉండాల్సిన చోట లేదు, అంతే తేడా. అందుకే మీ ప్రశ్న నాకు ఇంత ముఖ్యంగా అనిపిస్తోంది.

వెలుగుపురుగు

చదువుతుంటే చేతులు వణికాయి, నిజం. సి-టర్మినస్ బొమ్మ ఒక్కటే రాసేసి ఉంటే సగం కథ శాశ్వతంగా పోయేది. ఇప్పుడు దీన్ని నిరూపించాలంటే ఏం చెయ్యాలి?

క్లోన్27

ముందు మ్యుటేషన్లు, అవే చవక, అవే గట్టి సాక్ష్యం. ఎన్-టర్మినస్ క్లోన్‌లో చివరి లూసిన్ తీసెయ్, చుక్కలు పోవాలి. సి-టర్మినస్ క్లోన్‌లో మొదటి 30 అమైనో ఆమ్లాలు తీసెయ్, దారాలు పోవాలి. పెరాక్సిజోము మార్కర్‌గా దాని పొరలో ఉండే పీఎంపీ70 ప్రోటీన్ యాంటీబాడీ వాడు, మైటోకాండ్రియాకి దాని బయటి పొరలో ఉండే టామ్20. మైటోట్రాకర్ ఒక్కదాన్నే నమ్ముకోకు, అది పొర మీద ఉండే వోల్టేజ్‌ని బట్టి లోపల పేరుకుంటుంది, కణం ఇబ్బందిలో ఉంటే మైటోకాండ్రియా ఉన్నా అది సరిగ్గా చేరదు.

పొరలపని

ఫిక్సేషన్ గురించి ఒక మాట, దీన్ని చాలామంది వదిలేస్తారు. పారాఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లని కట్టేస్తుంది, కొవ్వుని కట్టెయ్యదు. తర్వాత ట్రైటన్ అనే డిటర్జెంట్ వేస్తే పొరల్లోని కొవ్వు కరిగిపోతుంది, పొరకి వదులుగా పట్టుకున్న ప్రోటీన్లు జారిపోవచ్చు లేదా చోటు మారచ్చు. చల్లటి మిథనాల్ ఇంకా మొరటుది. దీన్నే మనకి అనుకూలంగా వాడుకోవచ్చు కూడా, డిజిటోనిన్ అనే ఇంకో డిటర్జెంట్ కొద్దిగా వేస్తే కొలెస్టెరాల్ ఎక్కువున్న బయటి పొరకే రంధ్రాలు పడతాయి, పెరాక్సిజోము పొర అలాగే ఉంటుంది, అప్పుడు యాంటీబాడీ లోపలికి వెళ్ళలేదు. డిజిటోనిన్‌తో చుక్కలు కనపడక ట్రైటన్‌తో కనిపిస్తే నీ ప్రోటీన్ పెరాక్సిజోము లోపలే ఉన్నట్టు, రెండిట్లోనూ కనిపిస్తే పైన అతుక్కుని ఉన్నట్టు. దీనికి జీఎఫ్‌పీ మెరుపు కాదు, జీఎఫ్‌పీ మీద యాంటీబాడీ వేసి చూడాలి. అన్నిటికంటే ముందు ఒక్కసారి బతికున్న కణాలు చూసి, తర్వాత ఫిక్స్ చేసినవి చూసి రెండూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చు.

ఎస్‌టెడ్

ఇన్ని తిప్పలు ఎందుకు, సూపర్ రిజొల్యూషన్‌లో ఒక్క బొమ్మ తీస్తే అయిపోదా? పెరాక్సిజోము, మైటోకాండ్రియా విడివిడిగా కనిపిస్తాయి, సందేహమే ఉండదు.

కటకం

బాబూ, నాకు ఆ మెషీన్లంటే ప్రాణం, కానీ వరస తప్పకూడదు. ఎర్న్‌స్ట్ అబ్బే 1873లో చెప్పిన హద్దు ఉంది కదా, తరంగదైర్ఘ్యాన్ని రెండింతల న్యూమరికల్ అపర్చర్‌తో, అంటే లెన్స్ వెలుగుని పోగుచేసే శక్తితో, భాగించాలి. పచ్చ వెలుగు 510, లెన్స్ 1.4 అనుకుంటే 182 నానోమీటర్లు వస్తుంది, అదీ అన్నీ సవ్యంగా ఉంటే. లోతు వైపు ఇంకా ఘోరం, 500 నుంచి 700. పెరాక్సిజోములు 100 నానోమీటర్ల నుంచి ఒక మైక్రాన్ దాకా ఉంటాయి, మైటోకాండ్రియాని ఆనుకుని కూడా ఉంటాయి. కాబట్టి ఒకదాని మీద ఒకటి ఉన్నవి పక్క నుంచి విడివిడిగా ఉన్నా పై నుంచి పసుపుగానే కనిపిస్తాయి. ఇక్కడిదాకా నువ్వు చెప్పింది సబబే. స్టెఫాన్ హెల్ కనిపెట్టిన స్టెడ్, 2006లో బెట్జిగ్ వాళ్ళ పామ్, జువాంగ్ వాళ్ళ స్టార్మ్, ఈ పద్ధతులు ఆ హద్దుని దాటాయి, 2014 కెమిస్ట్రీ నోబెల్ బెట్జిగ్, హెల్, మోర్నర్‌లకి వచ్చింది కూడా అందుకే. పామ్, స్టార్మ్‌లలో ఒక్కొక్క అణువునీ విడిగా వెలిగించి దాని మచ్చ నడిమధ్య ఎక్కడో లెక్కకడితే, వెయ్యి ఫోటాన్లు దొరికితే చాలు పది నానోమీటర్ల లోపుకి చెప్పచ్చు.

కానీ ఆలోచించు, తప్పు యాంటీబాడీ వేసి పది నానోమీటర్ల కచ్చితత్వంతో చూస్తే ఏమొస్తుంది, తప్పు చోటు చాలా కచ్చితంగా వస్తుంది. ప్రైమరీ, సెకండరీ రెండు యాంటీబాడీలు కలిపితే మెరిసే అణువు నీ ప్రోటీన్‌కి 20 నానోమీటర్ల దాకా దూరంలో వేలాడుతూ ఉంటుంది, దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. నానోబాడీ, అంటే చాలా చిన్న యాంటీబాడీ, అయితే కొన్ని నానోమీటర్లే. ఈ అబ్బాయి ప్రశ్నకి సిమ్ అనే సూపర్ రిజొల్యూషన్ పద్ధతి చాలు, 100 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది, మామూలు రంగులే వాడుకోవచ్చు. అదీ మ్యుటేషన్లు, మార్కర్లు అయ్యాకే.

ఇంకోటి, ఏ మెషీన్ అయినా సరే రోజు మొదట్లో నాలుగు రంగుల్లో మెరిసే 100 నానోమీటర్ల పూసల స్లైడ్ ఒకటి పెట్టి ఫోటో తియ్యండి. లెన్స్ ఒక్కో రంగుని ఒక్కో చోట పడేస్తుంది, ఒకే పూస ఎరుపులో ఒక చోట పచ్చలో ఇంకో చోట కనిపిస్తుంది, లోతులో అయితే 200 నానోమీటర్లు తేడా రావడం నేనే చాలాసార్లు చూశా. ఆ తేడా కొలవకుండా పక్కపక్కన ఉన్నాయనీ, ఒకే చోట ఉన్నాయనీ చెప్పడం కుదరదు. కవర్‌స్లిప్ 0.17 మిల్లీమీటర్ల మందం, నంబర్ 1.5 అని రాసి ఉన్నదే వాడండి, లెన్సులు దానికే లెక్కకట్టి చేస్తారు. పిక్సెల్ 80 నానోమీటర్ల దగ్గర పెట్టుకోండి. డిటెక్టర్ గెయిన్ పెంచేసి తెల్లగా మాడిపోయిన పిక్సెళ్ళు ఒక్కటి కూడా ఉండకూడదు, మాడిన పిక్సెల్‌లో సమాచారం పోయినట్టే, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు.

ఎస్‌టెడ్

అర్థమైంది మేడం. పూసల సంగతి నేనూ ఇకనుంచి రోజూ చేస్తా.

గాజుపలక

రివ్యూయర్లు నంబర్లు అడుగుతారు. పియర్సన్ అంటే రెండు రంగులూ కలిసి పెరుగుతున్నాయా లేదా అని, -1 నుంచి 1 మధ్య. మాండర్స్ అంటే పచ్చలో ఎంత భాగం ఎరుపు మీద ఉంది అని, ఎరుపులో ఎంత పచ్చ మీద ఉంది అని, రెండు అంకెలు. నీలాగా ఒక ప్రోటీన్ రెండు చోట్ల పంచుకుని ఉన్నప్పుడు పియర్సన్ పడిపోతుంది, అబద్ధం చెప్పినట్టుంటుంది, మాండర్సే సరిపోతుంది. అయితే మాండర్స్ మొత్తం థ్రెషోల్డ్ మీద, అంటే ఎంత మెరుపు దాటితే లెక్కలోకి తీసుకోవాలో ఆ హద్దు మీద, ఆధారపడుతుంది, చేత్తో పెట్టుకుంటే ఎవరికి కావాల్సిన అంకె వాళ్ళకి వస్తుంది, కాస్టెస్ పద్ధతిలో దానంతట అదే పెట్టుకునేలా చెయ్. ఆ తర్వాత ఎరుపు బొమ్మని 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ అదే లెక్క కట్టు. మైటోకాండ్రియా కణంలో అంత చోటు ఆక్రమిస్తాయి కాబట్టి తిప్పినా కొంత కలుస్తుంది, ఆ కొంత ఎంతో తెలిస్తేనే నీ అసలు అంకెకి అర్థం. కణాలు ఎంచుకునేటప్పుడు పచ్చ ఛానెల్ చూసి ఎంచుకోకు, ఇంకెవరితోనైనా ఫైల్ పేర్లు మార్పించి తెలియకుండా లెక్కపెట్టు. ఎరుపు-పచ్చ బదులు మెజెంటా-పచ్చ పెట్టు, కలిసిన చోట తెల్లగా వస్తుంది, ఎరుపు పచ్చ తేడా తెలియనివాళ్ళు కూడా చదవగలుగుతారు.

పొరలపని

చివరికి రెండు అడ్రసులూ కప్పకుండా ట్యాగ్ ఎక్కడ పెట్టాలో ఆలోచించాలి కదా. తల దగ్గర కోసేసే చోటు దాటాక, అంటే మధ్యలో పెట్టచ్చు. పెద్ద జీఎఫ్‌పీ మధ్యలో పెడితే ఎంజైమ్ మడతపడకపోవచ్చు, అందుకని ముక్కలు చేసిన జీఎఫ్‌పీ వాడు, 11వ ముక్క 16 అమైనో ఆమ్లాలే. మిగతా 1 నుంచి 10 ముక్కల్ని వేరే ప్రోటీన్‌గా మైటోకాండ్రియా లోపలికి పంపిస్తే, నీ ప్రోటీన్ అక్కడికి నిజంగా చేరితేనే రెండూ కలిసి వెలుగుతాయి. పెరాక్సిజోముకి పంపిస్తే అక్కడ చేరింది మాత్రమే వెలుగుతుంది. రిజొల్యూషన్ గొడవే లేదు, పక్కన ఆనుకుని ఉన్నవి వెలగవు, లోపల ఉన్నవే వెలుగుతాయి.

కణబంధు

ఇది నాకు తట్టలేదు, చాలా మంచి ఆలోచన. క్రిస్పర్‌తో ఆ 16 అమైనో ఆమ్లాల్ని అసలు జీన్‌లోనే పెడితే సీఎంవీ వరద బాధ కూడా ఉండదు, కణం మామూలుగా ఎంత తయారుచేసుకుంటుందో అంతే ఉంటుంది. మెరుపు బాగా తక్కువ ఉంటుంది, ఓపిక కావాలి.

వెలుగుపురుగు

ఐదు నెలల తర్వాత మళ్ళీ వచ్చా, ఈ చర్చ మర్చిపోలేదు. చివరి లూసిన్ తీసేస్తే చుక్కలు పూర్తిగా పోయాయి, సైటోప్లాజం అంతా సమానంగా పచ్చ అయింది. మొదటి 30 తీసేస్తే దారాలు పోయాయి. ఎన్-టర్మినస్ చుక్కలు పీఎంపీ70 గుండ్రాల్లో సరిగ్గా కూర్చున్నాయి, సిమ్‌లో అయితే పీఎంపీ70 ఉంగరంలా, లోపల పచ్చ నిండి ఉండటం కొన్ని పెద్దవాటిలో స్పష్టంగా కనిపించింది. ఆ బొమ్మ చూసి మా గైడ్ కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మొదట రాసెయ్యమన్నది నేనే కదా, మంచి పని చేశావు ఆగి, అన్నారు. జీన్‌లో 11వ ముక్క పెట్టిన క్లోన్లు మూడు దొరికాయి. మైటోకాండ్రియా లోపలికి పంపిన 1-10తో దారాలు వెలిగాయి, పెరాక్సిజోముకి పంపినదానితో చుక్కలు వెలిగాయి, ముక్క పెట్టని మామూలు కణాల్లో రెండూ చీకటే. రెండు చోట్లా ఉంది!

ఒక్క సందేహం మిగిలింది. చుక్కల మెరుపు దారాలకంటే బాగా తక్కువ ఉంది. పెరాక్సిజోములో ప్రోటీన్ తక్కువ ఉందని రాయచ్చా?

కటకం

అమ్మయ్య, ఎంత సంతోషంగా ఉందో. కానీ అది మాత్రం రాయకు. ఆ మెరుపు నీ ప్రోటీన్ ఎంతుందో ఒక్కదాని మీదే ఆధారపడదు, నువ్వు పంపిన 1-10 అక్కడ ఎంత చేరిందో దాని మీద కూడా ఆధారపడుతుంది, అది రెండు చోట్లా ఒకేలా చేరుతుందని ఎవరూ చెప్పలేరు. పైగా చిన్న చుక్క వెలుగు మచ్చంతా పరుచుకుని పలచబడుతుంది, పొడుగు దారం అంత పలచబడదు. వాటాలు తేల్చాలంటే నాకౌట్‌లో సరిచూసిన యాంటీబాడీ కావాలి, లేదా రెండు భాగాల్నీ విడదీసి వెస్టర్న్ చెయ్యాలి. అప్పటిదాకా రెండు చోట్లా ఉంది అని మాత్రం రాయి.

వెలుగుపురుగు

అలాగే మేడం. నాకౌట్ కణాలు క్లోన్27 అక్క చెప్పిన పద్ధతిలోనే పెంచుతున్నా, రెండు యాంటీబాడీలు తెప్పించా. సోమవారం పొద్దున తొమ్మిదికి కాన్ఫోకల్ బుక్ చేసుకున్నా, మొదట పూసల స్లైడ్, తర్వాత నాకౌట్, ఆ తర్వాతే అసలు కణాలు. బొమ్మలు ఇక్కడే పెడతా.

క్లోన్27

నాకౌట్‌లో చీకటి కనిపిస్తే వెంటనే చెప్పు తమ్ముడూ, ఎదురుచూస్తుంటా.